ఖాసింపీరా మూడో బోరు

తర్లుపాడు దాటి, పలక గనుల చెత్తదిబ్బ పక్కనుంచి పోతే
ఖాసింపీరా చేను.
మూడో బోరు మెడకి మీటరు బిగించాను.
ఎనిమిదొందల అడుగులు.
మొదటి రెండూ దుమ్ము కక్కాయి.
ఇది రెండేళ్లు నీళ్లిచ్చి, ఆ తర్వాత గాలి ఇచ్చింది.
బత్తాయి చెట్లు కట్టెలయ్యాయి, ఒక్కటి తప్ప.

పందొమ్మిదేళ్లు గుజరాత్‌లో
చమురు బావుల్లోకి నీళ్లు దింపినవాణ్ణి నేను.
ఈ బావిలో నీళ్లు పోసి
ఆ బావిలో చమురు పైకి తోయించడం నా ఉద్యోగం.
అక్కడా ఇదే గొడవ:
రాయి బిగువు, పగులు వదులు.
నీరు కష్టపడదు.
తలుపు తీసున్న ఇంట్లోకే పోతుంది.

ఇక్కడి రాయి పుస్తకంలా పొరలు విడుతుంది.
చిన్నప్పుడు మేం అక్షరాలు దిద్దింది దీని మీదే,
ఉమ్మి తడితో తుడిస్తే పోయేవి.
పలక ఏ తడినీ పీల్చుకోదని
అప్పుడే తెలిసుండాల్సింది.

శ్రావణంలో మూడు వానలు పడ్డాయి.
గుంటలో నిలిపి, ఇసకలో వడగట్టి,
గంటకి నాలుగు వేల లీటర్లు లోపలికి వదిలాం.
బోరు వద్దనలా. గటగటా తాగింది.
"చూశారా సార్, ఎంత దప్పికో" అన్నాడు పీరా.
నాకు భయమేసింది.
అంత తేలిగ్గా తాగే రాయిని నేనెప్పుడూ నమ్మలా.

నాలుగు బస్తాల ఉప్పు కలిపాం.
చుట్టూ తొమ్మిది బోర్లు.
చిన్న పరికరం పట్టుకుని పొద్దూ మాపూ తిరిగాను.
ముప్ఫై అంగల్లో ఉన్న చెంచిరెడ్డి బోరులో
మట్టం కదల్లా, ఉప్పు జాడ లేదు.
మూడోరోజు,
వాగు అవతల, అర మైలు ఈశాన్యాన,
నాసరమ్మ గేదె ఒక బాల్చీ ఎక్కువ తాగింది.
"పులుసులో రెండుసార్లు ఉప్పేశానేమో అనుకున్నానయ్యా,
నీళ్లే ఇట్టా ఉన్నాయి."

పైన సర్వే రాళ్లు, గట్లు,
ఒంగోలు కోర్టులో నలిగే కాయితాలు.
కింద ఒకే ఒక్క పగులు,
ఎవరి పట్టా చూడకుండా.

రాత్రి లెక్కేశాను.
పోసింది రెండు లక్షల ఎనబై వేల లీటర్లు.
నాసరమ్మ వైపు పోయింది, ఉప్పుని బట్టి, సగానికి పైన.
పీరా బోరులో నిలిచింది మూరెడు.
మధ్యలో ఉన్న రాయి,
ఏ రాయి కోసం ఇదంతా చేశామో ఆ రాయి,
పెదవి తడవకుండా అట్టాగే ఉంది.
ఆఫీసు ఫారంలో ఒక గడి:
ఫలితం బాగుందా, పర్వాలేదా, లేదా?
ఏ బోరు దగ్గర నిలబడి నింపను?

దాచకుండా నాసరమ్మకి చెప్పాను.
ఆమె నవ్వలా.
"దూడకి వెదురుగొట్టంతో మందు పోశావా ఎప్పుడన్నా?
ఒక్కసారే వొంపితే పొలమారుద్ది, సగం బయటికే.
కాస్త పోసి, గొంతు నిమిరి, ఆగాల.
గుటక పడిందాకా ఆగాల."

ఇదే మాట చెప్పడానికి గుజరాత్‌లో
మేం ఎనబై పేజీలు రాశాం.

అప్పట్నుంచీ ఒక పూట వదలడం, మూడు రోజులు ఆపడం.
ఆపిన రోజుల్లో పీరా
బోరు మూతకి చెవి ఆనించి కూచునేవాడు.
ఏం వినపడుతోందని నేనడగలా.

కార్తీకం పోతుండగా
చెంచిరెడ్డి బోరులో తాడు
జానెడు ముందే తడిసింది.
జానెడే.
మా వల్లనో, ఆలస్యంగా వచ్చిన తుపాను వల్లనో
పరికరం తేల్చి చెప్పలా,
రెండు గీతల మధ్య ముల్లు వణుకుతూ ఉండిపోయింది.
గడి ఖాళీగా వదిలి
పక్కన పెన్సిలుతో రాశాను: గుటక, ఒకటి.

తిరిగొస్తుంటే వాగు దగ్గర పీరా ఎదురయ్యాడు.
సైకిలుకి రెండు బిందెలు, నాసరమ్మ బోరువి,
మిగిలిన ఆ ఒక్క బత్తాయికి.
"మన నీళ్లే గదా సార్" అన్నాడు, తొక్కడం ఆపకుండా,
"కాస్త చుట్టు తిరిగొచ్చాయి."